ఆపద రెండో వరసలో

నేను ఒక దారిచూపే రాతను. రూటర్ అంటారు నన్ను. అనగానే మీకు ఇంట్లో టీవీ వెనక దుమ్ము కొట్టుకుంటూ, పచ్చ దీపాలు మిణుకుమనిపించే డబ్బా గుర్తొచ్చి ఉంటుంది. కంటికి కనబడి, మీద చెయ్యేసి చూడగలిగితే తప్ప మీ మనుషులకు ఏదీ వస్తువు కాదు కదా. నేను డబ్బాను కాను. ఒక వెబ్‌సైటు గుమ్మంలో నిలబడి, వచ్చినవాడు ఎవడో, ఎందుకొచ్చాడో చూసి, నువ్వు ఆ గదికి, నువ్వు ఈ గదికి అని పంపేందుకు కంప్యూటరు భాషలో రాసిన కొన్ని వరసల రాతను. ఆ గదుల్ని కంట్రోలర్లు అంటారు. ఒక్కో కంట్రోలర్ ఒక్కో పని చేస్తుంది. గుమ్మంలో నేను లేకపోతే ఐసు కావాల్సినవాడు వేలంపాటలో తేలతాడు, చేపలు కొనేవాడు డీజిలు పట్టించుకుంటాడు.

నా పద్ధతి ఒక్కటే. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తాను. వచ్చినవాడికి ఏ వరస ముందు సరిపోతే ఆ గదికి పంపేస్తాను. దాని కింద ఏముందో ఇక చూడను. ఇది తెలివితక్కువతనం అని నన్ను వెక్కిరించినవాళ్లున్నారు. మీరు మనిషిని చూసే తీరు ఏమిటి మరి? ముందు కాళ్లకున్న చెప్పులు చూస్తారు, అక్కడే మర్యాద ఎంతో తేల్చేస్తారు, ముఖం దాకా రానే రారు. నేను కనీసం పైనుంచి మొదలుపెడతాను.

నన్ను రాసింది మంజరి అనే అమ్మాయి. ఒక ఫొటో స్టూడియో మేడ మీద ఫణికుమార్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీలో పని చేసేది. ఉత్తర కోస్తాలో ఒక చేపల రేవు ఉంది. దాని పేరు నేను చెప్పను. చెబితే నా మాటలకు కూడా శిలాఫలకం వేయిస్తారు. ఆ రేవులోని మరబోట్ల సంఘం తమకొక వెబ్‌సైటు కావాలంది. బోటు యజమానులకు డీజిలు, ఐసు ఒక గదిలో, చేపలు కొనే షావుకార్లకు వేలంపాట ఇంకో గదిలో, సముద్రం మీద ప్రమాదంలో ఉన్నవాళ్లకు ఎర్ర బొత్తాం. ఆ బొత్తాం పేరు ఆపద.

మంజరి కుర్చీలో కూర్చుని నన్ను అల్లెయ్యలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. రేవుకు వెళ్లి, వేలం అరుగు మీద చేపల వాసనలో కూర్చుని, ఎవరెవరు వస్తారో, ఏం అడుగుతారో చూసింది. అక్కడే ఆమెకు పైడితల్లి పరిచయమైంది. పైడితల్లి చేపలమ్ముకుంటుంది. ఆమె మొగుడు దానయ్య సంఘం అధ్యక్షుడి బోట్లలో ఇంజను గది కలాసీ.

"అమ్మా, ఆ ఎర్ర బొత్తాం నొక్కితే ఎవులికి ఇనపడద్ది?" అని అడిగింది పైడితల్లి.

"చుట్టుపక్కల బోట్లన్నిటికీ, రేవులో కాపలా గదికీ గంట మోగుతుంది."

"ముందు పెసిడెంటుగారికి సెప్పి, ఆయన సరేనంటే మోగద్దా?"

"లేదు. ఎవర్నీ అడగదు. నొక్కితే మోగుతుంది."

పైడితల్లి కత్తిపీట మీంచి చెయ్యి తీసి మంజరి వైపు తిరిగింది. "అలాగైతే దాన్ని అన్నిటికన్నా పైన రాయమ్మా. మా ఆయన ఇంజను గదిలో ఉంటాడు. నీల్లొస్తే ముందు ఆ గదిలోకే వస్తాయి."

మంజరి అలాగే రాసింది. నా మొదటి వరస అది. వచ్చినవాడు యజమానా, కలాసీనా, షావుకారా అన్నది అనవసరం. ఎర్ర బొత్తాం నొక్కితే చాలు, ఆపద గదికే. నువ్వెవరు, నీ బోటేది అన్న ప్రశ్నలన్నీ రెండో వరస నుంచి. చెప్పుకోకూడదు గాని నన్ను చూసుకుని నాకే గర్వంగా ఉండేది. లోకంలో ఎక్కడా లేని న్యాయం నా మొదటి వరసలో ఉంది అనుకునేవాణ్ణి.

ఇక సంఘం అధ్యక్షులు ఎల్లాజీగారి గురించి చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. ఆయనకున్న జబ్బల్లా పేరు. ఐసు ఫ్యాక్టరీ గోడ మీద ఆయన పేరు ఉంది. వలల షెడ్డు మీద ఉంది. మూత్రశాల గుమ్మం మీద పాలరాతిలో, ప్రారంభకులు అని, బంగారు రంగు అక్షరాల్లో ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు రేవులో మంచినీళ్ల కుళాయికి నీళ్లు లేవు గాని ఫలకం మాత్రం ఉంది. ఆ ఫలకాల మీద పేర్లు ఏ వరసలో ఉండాలన్న దాని మీద సంఘంలో జరిగినన్ని గొడవలు చేపల ధర మీద కూడా జరగలేదు.

అలాంటి మనిషి, కొత్త వెబ్‌సైటుకు పూజ చేద్దాం, వస్తువు పట్రండి అన్నారు. వస్తువు ఏదని పట్టుకెళ్లాలి? ఫణికుమార్‌కు తట్టిన ఉపాయం ఏమిటంటే, నన్ను కాగితం మీద అచ్చు తీయించాడు. నాలుగు మూలలా పసుపు రాయించాడు. పళ్లెంలో తమలపాకుల మధ్య పెట్టి గంగమ్మ పటం ముందుంచాడు. కరెంటులో బతికేవాణ్ణి, తమలపాకుల మధ్య అరటిపండు పక్కన పడుకున్నాను.

ఎల్లాజీగారు కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చేతిలోకి తీసుకున్నారు. "మొదటి వరసలో ఏటి రాసినారమ్మా?" అని అడిగారు.

"ఆపద, సార్," అంది మంజరి.

పూజారి గంట వాయించడం ఆపేశాడు. ఎల్లాజీగారు కాగితాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేశారు.

"సుబమా అని పూజ సేసుకుంటంటే మొదటి మాటే ఆపదా? సుబం పలకరా పెళ్లికొడకా అంటే పెళ్లికూతురు ముండ ఏదన్నాడంట ఎనకటికొకడు. అలగున్నాది మీ యవ్వారం."

"సార్, ఇది శుభలేఖ కాదు. సైటు దీన్ని పైనుంచి చదువుతుంది. పైన ఏది ఉంటే దాన్నే ముందు చూస్తుంది. అందుకని..."

"నానూ అదే అంటన్నాను గదమ్మా. పైనున్నదాన్నే ముందు సూస్తాది. మరి పైన ఎవులుండాలి?"

ఆ ప్రశ్నకు జవాబు రేవులో ప్రతి గోడ మీదా ఉంది. సంఘం సభ్యులందరూ ఎల్లాజీగారి వైపు చూశారు. ఫణికుమార్ గంగిరెద్దులా తల ఊపుతూ, చిన్న మార్పే సార్, ఇప్పుడే చేసేస్తాం అన్నాడు. చిన్న మార్పు కాదు అని మంజరి గొణిగింది. రెండో వరసలో ఉంటుంది కదమ్మా, ఆపద ఎక్కడికి పోతుంది అన్నాడాయన. ఆపద నిజంగానే ఎక్కడికీ పోదు. ఆ మాట ఒక్కటే ఆ రోజు ఫణికుమార్ నోట వచ్చిన నిజం.

మంజరి ఆ వరసను పైనుంచి తీసి కిందికి దించింది. పిల్లకు ఉద్యోగం కొత్త. మనసులో ఎంత ఉన్నా చెయ్యి యజమాని మాటే వింటుంది. ఆమెను నేను తిట్టను, మెచ్చుకోనూ మెచ్చుకోను.

కొత్త మొదటి వరస ఇలా తయారైంది. అధ్యక్షుల వారూ, వారి మనుషులూ తమ ఫోను నంబర్ల నుంచి ఏ బొత్తాం నొక్కినా సరే, నేరుగా గౌరవ కంట్రోలర్‌కు పంపాలి. ఆ గది కోసం ఫణికుమార్ స్వయంగా శ్రమపడ్డాడు. అది తెరుచుకోగానే సన్నాయి మోగుతుంది. ఎల్లాజీగారు చేతులు జోడించి నవ్వుతూ నిలబడిన ఫొటో వస్తుంది. కింద, "తమరి కోరికను అధ్యక్షుల వారి కార్యాలయానికి విన్నవించాము. ఆమోదం రాగానే తెలియజేస్తాము" అని పూల అంచు మధ్య రాసి ఉంటుంది. సంఘం ఆఫీసులో గుమాస్తా సన్యాసిరావు కంప్యూటరు ముందు కూర్చుని సరే అని నొక్కితే అప్పుడు అసలు పని మొదలవుతుంది.

దీనివల్ల జరిగిందేమిటో వినండి. మామూలు యజమాని ఐసు అడిగితే ఐసు లారీ వెంటనే కదిలేది. అధ్యక్షుల వారి మనిషి అడిగితే సన్యాసిరావు టీ తాగి వచ్చేదాకా ఆగాలి. అయినా ఒక్కడు కూడా ఇదేమిటని అడగలేదు. పైగా తమ పేర్లు కూడా పై వరసలో ఎక్కించమని ఎల్లాజీగారి ఇంటి చుట్టూ తిరిగారు. ఆయన అల్లుళ్లు, వియ్యంకులు, అల్లుళ్ల స్నేహితులు, ఆయనకు ఓటేశామని చెప్పుకునేవాళ్లు, అందరూ ఎక్కారు. ఐసు రాక చేపలు మెత్తబడుతుంటే ఫోను చెవి దగ్గర పెట్టుకుని సన్నాయి వింటూ కూర్చునేవారు. ఆలస్యం ఎంత ఎక్కువైతే మర్యాద అంత ఎక్కువని మీ మనుషుల లెక్క.

ఎల్లాజీగారి బోట్లలో ప్రాణాలు పెట్టి పనిచేసే కలాసీలు మాత్రం ఆ వరసలో లేరు. వాళ్లు ఆయన బోట్లలో ఉంటారు గాని ఆయన మనుషులు కారు. దానయ్య కూడా అంతే.

ఏటా వేసవిలో సముద్రం మీద ఉండే వేట నిషేధం ముగిసింది. ఎల్లాజీగారు కొత్త మరబోటు కట్టించారు. నిషేధం తర్వాత తొలిరోజున యజమాని స్వయంగా బోటెక్కి, కొబ్బరికాయ కొట్టి, కొంతదూరం వెళ్లి రావడం ఆ రేవు ఆనవాయితీ. ఎల్లాజీగారు ఒక్కరే ఎక్కితే ఏం బాగుంటుంది? అల్లుళ్లు ఎక్కారు, వియ్యంకులు ఎక్కారు, మెడలో దండతో గుమాస్తా సన్యాసిరావు ఎక్కాడు. పెద్దలకు చోటు చాలదని మిగతా కలాసీలను దించేశారు, కింద ఇంజను గదిలో దానయ్య ఒక్కడు ఉన్నాడు. సంఘం ఆఫీసుకు తాళం పడింది. బోటు మీద జరిగినదాన్ని తర్వాత సైటులో ఇరవై రకాలుగా రాసుకున్నారు. అందులో అబద్ధాలు తీసేస్తే మిగిలింది ఇది.

మిగతా బోట్లు తెల్లారకముందే వేటకు పోయాయి. వీళ్లది ఎండెక్కాక బయల్దేరింది. వీడియోలో చేపలు పడుతున్నట్టు రావాలని ఎల్లాజీగారు వల వేయించారు. ఫొటోలో ఆయన ముఖం మీద ఎండ సరిగా పడటం లేదని బోటు తిప్పమన్నారు. వల నీళ్లలో ఉండగా బోటు తిప్పకూడదని, చిన్నల్లుడి స్నేహితుడే అయిన డ్రైవరు చెప్పబోయాడట. పెద్దల ముందు మాట మధ్యలోనే మింగేశాడు. తిరిగిన బోటు కింద, నీళ్లను తోసే ఫ్యానుకు వల చుట్టుకుంది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆ కుదుపుకు అడుగున ఎక్కడో పలక ఊడి, ఇంజను గదిలోకి నీళ్లు రావడం మొదలైంది. గాలి దక్షిణానికి ఉంది. దక్షిణాన కొండ కింద రాళ్లున్నాయి.

వైర్‌లెస్ సెట్టు ఉంది. దానికి కూడా బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు గాని బ్యాటరీ పెట్టడం మరిచిపోయారు. రేవుకు ఫోను చేస్తే అక్కడ కొత్త బోటుకని పెట్టిన విందు దగ్గర మైకు గోల. ఎత్తినాయన, శుభం సార్, పులుసు అదిరింది, త్వరగా వచ్చెయ్యండి అని అరిచి పెట్టేశాడు. తర్వాత మాట అందలేదు. దూరంగా రెండు బోట్లు కనబడితే వీళ్లు తువాళ్లు తీసి ఊపారు. కొత్త బోటు సంబరం అనుకుని వాళ్లూ తువాళ్లు తీసి ఊపారు.

అప్పుడు ఎల్లాజీగారికి నేను గుర్తొచ్చాను. ఫోను తీసి ఎర్ర బొత్తాం నొక్కారు.

కోరిక నా దగ్గరకు వచ్చింది. నేను పైనుంచి చదివాను. మొదటి వరస: అధ్యక్షుల వారూ, వారి మనుషులూ. సరిపోయింది. కింద ఏముందో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? గౌరవ గదికి పంపాను. బోటు మీద సన్నాయి మోగింది. ఎల్లాజీగారికి ఎల్లాజీగారు చేతులు జోడించి నవ్వారు. తమరి కోరికను కార్యాలయానికి విన్నవించామన్నారు. ఆ కార్యాలయం తాళం సన్యాసిరావు మొలతాడుకు ఉంది. సన్యాసిరావు ఆయన పక్కనే నిలబడి ఏడుస్తున్నాడు.

పెద్దల్లుడు నొక్కాడు. సన్నాయి. చిన్నల్లుడు నొక్కాడు. సన్నాయి. వియ్యంకుడు రెండు ఫోన్లలోంచి నొక్కాడు. మునుగుతున్న బోటు మీద పెళ్లి మేళం. నవ్వాలో ఏడవాలో తెలియక నేను వచ్చినవాణ్ణి వచ్చినట్టు అదే గదికి తోశాను. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ రోజు అందరూ ఒక్క దారినే వచ్చారు, అది తలుపు లేని దారి.

అంతలో ఇంకో ఫోను నుంచి కోరిక వచ్చింది. ఇంజను గదిలోంచి నడుం దాకా తడిసి పైకి వచ్చిన దానయ్య నొక్కాడు. నేను మొదటి వరస చదివాను. అధ్యక్షుల వారి మనిషా? కాదు. అబ్బ, కాదు! ఆ మాట అంత సంతోషంగా నేనెప్పుడూ అనుకోలేదు. రెండో వరసకు దిగాను. ఆపద.

గంట మోగింది. ఇందాక తువాళ్లు ఊపిన బోట్లలో మోగింది. కాపలా గదిలో మోగింది. విందు దగ్గర వడ్డిస్తున్న కాపలావాళ్ల జేబుల్లోని ఫోన్లలో కూడా మోగింది. ఆ రెండు బోట్లూ తమ వలలు కోసి పారేసి వచ్చాయి. తాళ్లు విసిరి, రాళ్లకు బోటు ఒరుసుకుంటుండగా బయటికి లాగాయి. సన్యాసిరావు నీళ్లలో పడితే జుట్టు పట్టుకుని తీశారు. అందరూ బతికారు. మంచిదే. మునిగిపోవాలని నేను కోరుకోలేదు. బుద్ధి వస్తుందని మాత్రం ఆశపడ్డాను.

సంఘం సభ పెట్టారు. దానయ్యకు శాలువా కప్పారు. ఫణికుమార్‌నూ మంజరినీ పిలిపించారు. తన మాట తిరిగి చెప్పే సమయం వచ్చిందనుకుంది మంజరి పాపం.

"సార్, ఆపద వరస మళ్లీ పైకి తెస్తే చాలు. మీరు నొక్కినా మోగుతుంది," అంది.

ఎల్లాజీగారు జాలిగా చూశారు. "ఆపదని ఎవులైనా నెత్తికెక్కించుకుంటారామ్మా? కిందుండబట్టే గదా గండం గట్టెక్కింది."

సభ అంతా చప్పట్లు కొట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో వాదించవచ్చు. అందరూ కలిసి మూడో కాలు లెక్కపెడుతుంటే ఎవరేం చేస్తారు? ఆయన అక్కడితో ఆగితే బాగుండును. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. దానయ్య భుజం మీద చెయ్యేశారు.

"ఈడు నా పేనం కాపాడినాడు. ఇయ్యాల్టి కాడ్నుంచీ దానయ్య నా మనిసి. ఈడి పేరు కూడా పై వరసలో ఎక్కించండి."

నా రాత నాకు తెలుసు. ఆ బోటు మీద తెరిచి ఉన్న ఒక్క తలుపునూ కృతజ్ఞతతో, కన్నీళ్లతో, శాలువా కప్పి మరీ మూసేశారు. ఫణికుమార్ అక్కడే కూర్చుని దానయ్య నంబరు నా మొదటి వరసలో చేర్చాడు. మంజరి ఆఫీసుకు వెళ్లి ఎవరికీ చెప్పకుండా ఆపదను పైకి జరిపింది. మర్నాడు ఫణికుమార్ చూసి మళ్లీ కిందికి దించి, నన్ను ముట్టుకునే హక్కు ఆమెకు లేకుండా చేశాడు.

ఆమె ఊరుకోలేదు. రేవుకు వెళ్లి దానయ్య ఇంటి గుమ్మంలో కూర్చుంది. ఒకసారి ఎర్ర బొత్తాం నొక్కి చూడమంది. దానయ్య నొక్కాడు. నేను చెయ్యాల్సిందే చేశాను. ఆ రేకుల ఇంట్లో సన్నాయి మోగింది.

దానయ్య ముఖం వెలిగిపోయింది. "ఒసే, ఇలా సూడు! పెసిడెంటుగారు నాకు దన్నం ఎడతన్నారు!"

పైడితల్లి ఫొటో వైపు చూడలేదు. మంజరి ముఖం వైపు చూసింది. "గంట మోగనేదేటమ్మా?"

మంజరి చెప్పింది. వరసల సంగతి, పేరు ఎక్కిన సంగతి అన్నీ చెప్పింది. వెంటనే పేరు తీయించుకోమని పైడితల్లి మొగుణ్ణి పట్టుకుంది.

"సాలవా కప్పినాయన మొకం మీద కొట్టమంటావేటే? ఆయన బోటెక్కొద్దా నాను?" అన్నాడు దానయ్య. అతని మాటా కాదనలేం. మర్యాద వద్దన్నవాణ్ణి ఆ రేవులో ఎవరు పనిలోకి పిలుస్తారు?

పైడితల్లి ఇంకేమీ వాదించలేదు. బొడ్డున దోపుకున్న సంచిలోంచి తన ఫోను తీసింది. చేపలు కోసే చేతుల తడికి మెరుపు పోయిన చిన్న ఫోను. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ముడేసి, అతని అన్నం క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టింది.

"నీ మరేద నీ కాడే ఉంచుకో. నీల్లొస్తే మాత్తరం ఇది నొక్కు."

బోటు బాగు చేయించి మళ్లీ సముద్రం మీదికి పంపారు. మా జాతికి తుక్కు దుకాణం లేదు, మ్యూజియం లేదు. ఎవరో ఒకరు తుడిచేసేదాకా గుమ్మంలో నిలబడి ఉండటమే. నిలబడి ఉన్నాను. పైనుంచి చదువుతున్నాను. పైడితల్లి నంబరు నా మొదటి వరసలో లేదు. ఎల్లాజీగారి ప్రాణం, అల్లుళ్ల ప్రాణాలు, సన్యాసిరావు ప్రాణం, అందరివీ ఇప్పుడు ఎవరూ లెక్కచెయ్యని ఆ ఫోను మీద ఉన్నాయి. ఈ సంగతి ఎల్లాజీగారికి తెలిస్తే ఆయన గుండె కరుగుతుంది. అదే నా భయం.

నాకు మొక్కులు రావు. అయినా పళ్లెంలో ఆ పటం ముందు పడుకున్న పరిచయంతో అడుగుతున్నాను. గంగమ్మ తల్లీ, పైడితల్లికి మాత్రం ఎవరూ శాలువా కప్పకుండా చూడు.